మోటారు సైకిలును చదివిన శాస్త్రజ్ఞులు

తెలుగులో 'బండి' అనే మాటకు ఓపిక ఎక్కువ. ఎద్దులు లాగినా బండే, పట్టాల మీద పరుగెత్తినా బండే. ఈ రోజు మీ వీధిలో ఎవరైనా "బండి తీస్తున్నాను" అన్నారంటే అది మోటారు సైకిలో, స్కూటరో అయి ఉంటుంది. దాని ఇంజను ఎలా పనిచేస్తుందో మీరు భౌతికశాస్త్రంలో చదివే ఉంటారు. పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమం మండుతుంది, పిస్టన్ కదులుతుంది, చక్రం తిరుగుతుంది.

మరి ఆ బండి మీద కూర్చున్న మనిషి మాటేమిటి? అతడు సైలెన్సరును ఎందుకు మారుస్తాడు? హెల్మెట్‌ను తలకు పెట్టుకోకుండా చేతికి ఎందుకు తగిలించుకుంటాడు? అతడిని చూసి ఒకరు మురిసిపోతే మరొకరు "పోకిరీ" అని ఎందుకు అంటారు? ఇవి కూడా శాస్త్రీయమైన ప్రశ్నలేనంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. కాని గత అరవై ఏళ్లలో సమాజ శాస్త్రజ్ఞులు, మానవశాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నలను పట్టుకుని ఎంతో కృషి చేశారు. ఆ కృషి కథే ఈ వ్యాసం. అయితే దీనిని ఒక విశ్వవిద్యాలయంలో కాక, ఒక ఆసుపత్రిలో మొదలుపెట్టాలి.

వైద్యుడికి తెలిసిన సగం

1935 మే 13న ఇంగ్లాండులోని డార్సెట్ ప్రాంతంలో ఒక మోటారు సైకిలు ప్రమాదం జరిగింది. సైకిళ్ల మీద వెళుతున్న ఇద్దరు కుర్రాళ్లను తప్పించబోయి, బ్రఫ్ సుపీరియర్ బండి నడుపుతున్న 46 ఏళ్ల వ్యక్తి ఎగిరి పడ్డాడు. ఆయన తలకు హెల్మెట్ లేదు. ఆరు రోజుల తరువాత, మే 19న ఆయన మరణించాడు. ఆయన మొదటి ప్రపంచయుద్ధ కాలంలో 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా పేరు పొందిన టి.ఇ. లారెన్స్.

ఆయనకు చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ ఒకరు. ఆస్ట్రేలియాలో పుట్టి ఇంగ్లాండులో స్థిరపడిన మెదడు శస్త్రవైద్య నిపుణుడాయన. రెండవ ప్రపంచయుద్ధం మొదలయ్యాక సైన్యంలో ఉత్తరాలు, ఆదేశాలు మోసుకుపోయే మోటారు సైకిలు వార్తాహరులు తలకు దెబ్బలు తగిలి ఆయన దగ్గరకు వచ్చేవారు. కెయిర్న్స్ చికిత్స చేసి ఊరుకోలేదు, లెక్కలు తీశారు. యుద్ధం మొదలైన తొలి 21 నెలలలో బ్రిటన్‌లో 2,279 మంది మోటారు సైకిలు నడిపేవారు, వెనక కూర్చున్నవారు రోడ్డు ప్రమాదాలలో మరణించారు. ఈ వివరాలతో 1941లో ఆయన ఒక వైద్య పత్రికలో వ్యాసం ప్రకటించారు. హెల్మెట్ ఉండి కూడా తలకు దెబ్బ తగిలిన వారి కేసులు ఏడింటిని అందులో పరిశీలించారు. ఆ ఏడుగురూ బతికారు. అదే సంవత్సరం నవంబరులో, విధి నిర్వహణలో మోటారు సైకిలు నడిపే సైనికులందరూ హెల్మెట్ ధరించాలని బ్రిటిష్ సైన్యం ఆదేశించింది.

హెల్మెట్ తలను కాపాడే సూత్రం సులభమైనదే. వేగంగా పోతున్న తల రోడ్డుకు తగిలినప్పుడు రెప్పపాటు కన్న తక్కువ కాలంలో ఆగిపోతుంది. ఆగే కాలం ఎంత తక్కువైతే పుర్రె మీద, మెదడు మీద పడే బలం అంత ఎక్కువ. హెల్మెట్ లోపలి పొర నలిగి, ఆగే కాలాన్ని కొద్దిగా పెంచుతుంది. దెబ్బ ఒకే చోట పడకుండా పరుస్తుంది. క్రికెట్ బంతిని పట్టేటప్పుడు మీరు చేతులు వెనక్కి లాక్కోవడంలో ఉన్నదీ ఇదే సూత్రం.

అంటే 1941 నాటికే విషయం తేలిపోయింది. కాని బ్రిటన్‌లో మోటారు సైకిలు నడిపే పౌరులందరికీ హెల్మెట్ తప్పనిసరి అయింది 1973 జూన్‌లో. మధ్యలో 32 సంవత్సరాలు గడిచాయి. ఆ కాలంలో హెల్మెట్లు అంగళ్లలో దొరికేవి, కొనగలిగిన వారూ ఉన్నారు. అయినా వేలాది యువకులు పెట్టుకోలేదు. ఎందుకు? ఇది పుర్రెను పరీక్షించి చెప్పగలిగినది కాదు. వైద్యుడికి తెలిసినది సగం. మిగిలిన సగం తెలుసుకోవడానికి ఆ యువకుల దగ్గరకే వెళ్లాలి. వెళ్లే ముందు వారి చుట్టూ పేరుకున్న పుకార్ల పొరను తొలగించాలి.

ఒక ఫొటో, ఒక సినిమా

ఆ పొర అమెరికాలో మొదలయింది. 1947 జూలైలో కాలిఫోర్నియాలోని హాలిస్టర్ అనే చిన్న ఊరిలో మోటారు సైకిలు పందేలు జరిగాయి. సుమారు నాలుగు వేల మంది బండ్లతో వచ్చారు. ఊరి జనాభా కూడా దాదాపు అంతే. కొందరు తాగి అల్లరి చేశారు, వీధుల్లో పందేలు వేసుకున్నారు, పోలీసులు కొందరిని పట్టుకున్నారు. రెండు వారాల తరువాత 'లైఫ్' పత్రిక ఒక పెద్ద ఫొటో ప్రచురించింది. బండి మీద వెనక్కి వాలిన ఒక భారీ మనిషి, చేతుల్లో బీరు సీసాలు, కింద పరచుకున్న ఖాళీ సీసాలు. ఆ సీసాలను ఫొటో కోసం పోగుచేశారని అప్పుడు అక్కడున్న ఒక వ్యక్తి తరువాత చెప్పాడు.

కాని ఫొటో ముందు నడిచింది, వివరణ వెనకబడింది. 1951లో ఈ సంఘటన స్ఫూర్తితో ఒక కథ వచ్చింది. దాని ఆధారంగా 1953లో మార్లన్ బ్రాండో నటించిన 'ది వైల్డ్ వన్' సినిమా వచ్చింది. తోలు కోటు, పక్కకు వాలిన టోపీ, నిర్లక్ష్యపు చూపు - ఇదే మోటారు సైకిలువాడి రూపమని ప్రపంచం అనుకుంది. బ్రిటన్‌లో సెన్సారు 1967 వరకు ఆ సినిమాకు అనుమతి ఇవ్వలేదు. చూడకుండానే దానికి భయపడినవారు ఎందరో!

1965లో కాలిఫోర్నియా అటార్నీ జనరల్ 'హెల్స్ ఏంజెల్స్' అనే ముఠా మీద నివేదిక విడుదల చేశాడు. పత్రికలు దానిని గోరంతలు కొండంతలు చేశాయి. హంటర్ థాంప్సన్ అనే పాత్రికేయుడు మాత్రం ఆ ముఠా మనుషులతో ఏడాది పాటు తిరిగి, 1967లో పుస్తకం వెలువరించాడు. పత్రికల అతిశయోక్తులను ఆయన ఎండగట్టాడు. అలాగని ముఠాను సాధువులుగా చూపలేదు. చివరకు వారి చేతిలోనే దెబ్బలు తిన్నాడు. దగ్గరగా చూడడం వేరు, వెనకేసుకు రావడం వేరు అని చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

సముద్ర తీరంలో 'భూతాలు'

ఇప్పుడు మళ్లీ ఇంగ్లాండుకు వద్దాం. అక్కడ 1960లలో యువకులు రెండు వర్గాలుగా కనిపించేవారు. శుభ్రమైన సూట్లు వేసుకుని ఇటలీ స్కూటర్ల మీద తిరిగేవారు 'మాడ్లు'. తోలు కోట్లతో పెద్ద మోటారు సైకిళ్లు నడిపేవారు 'రాకర్లు'. 1964 ఈస్టర్ సెలవులలో, చలి, వాన మధ్య, క్లాక్టన్ అనే తీరపట్టణంలో కుర్రాళ్ల మధ్య గొడవ జరిగింది. కొన్ని కిటికీలు పగిలాయి, కొందరు రాళ్లు రువ్వుకున్నారు. మరునాడు పత్రికలు చూస్తే ఊరంతా ధ్వంసమైనట్టే ఉంది!

స్టాన్లీ కోహెన్ అనే యువ పరిశోధకుడు ఈ వార్తలను పరీక్షకు పెట్టాడు. దక్షిణాఫ్రికాలో పుట్టి లండన్‌లో చదువుకుంటున్న కోహెన్ పత్రికలను కత్తిరించి దాచాడు, తీరపట్టణాలకు వెళ్లి కళ్లారా చూశాడు, కోర్టు కేసులు పరిశీలించాడు, దుకాణదారులతో, యాత్రికులతో మాట్లాడాడు. ఆయన లెక్క ప్రకారం క్లాక్టన్‌లో జరిగిన మొత్తం నష్టం 513 పౌండ్లు. పైగా తొలి గొడవ మాడ్లకు, రాకర్లకు మధ్య జరిగింది కాదు. అది ఎక్కువగా లండన్ నుంచి వచ్చినవారికీ, స్థానికులకూ మధ్య జరిగిన తగాదా. 'మాడ్లు వర్సెస్ రాకర్లు' అనే గీత పత్రికలు గీసిన తరువాతనే గట్టిపడింది.

మరొక సంఘటన చూడండి. మార్గేట్ పట్టణంలో కోర్టు 75 పౌండ్ల జరిమానా వేస్తే, ఒక కుర్రాడు "చెక్కు రాసిస్తాను" అన్నాడు. 'చూశారా, ఈ కాలపు కుర్రాళ్ల దగ్గర ఎంత డబ్బుందో!' అని దేశమంతా చెప్పుకున్నారు. కోహెన్ చెప్పిన ప్రకారం ఆ కుర్రాడికి అసలు బ్యాంకు ఖాతాయే లేదు. అది కేవలం బింకంతో అన్న మాట.

1972లో వెలువడిన కోహెన్ పుస్తకం సమాజ శాస్త్రానికి ఒక కొత్త భావనను బాగా పరిచయం చేసింది. దానిని మనం 'నైతిక భయోత్పాతం' అనవచ్చు. అది ఎలా పనిచేస్తుంది? ఒక చిన్న సంఘటన జరుగుతుంది. పత్రికలు దానిని పెద్దది చేసి ఒక గుంపుకు పేరు పెడతాయి. పెద్దలు, నాయకులు, న్యాయమూర్తులు ఆందోళన ప్రకటిస్తారు. తరువాతి సెలవుకు పోలీసులు ముందుగానే మోహరిస్తారు. ఏదో జరుగుతుందని కుర్రాళ్లు కూడా చూడ్డానికి వస్తారు. అరెస్టులు పెరుగుతాయి. పెరిగిన అరెస్టులే మొదటి భయం నిజమని రుజువుగా చూపబడతాయి. మైకును స్పీకరు ముందు పెడితే చిన్న శబ్దం కీచుమని పెరిగిపోతుంది కదా, ఇది కూడా అటువంటిదే.

గొడవ జరగనే లేదని కోహెన్ అనలేదు. జరిగినదానికీ, జరిగిందని చెప్పినదానికీ మధ్య ఉన్న దూరాన్ని కొలవాలన్నాడు. ఆ దూరాన్ని కొలవడమే ఆయన శాస్త్రం.

టేపు రికార్డరుతో వెళ్లిన విద్యార్థి

కోహెన్ చూసినది సమాజం ఆ యువకుల పట్ల ఎలా ప్రవర్తించిందో. మరి ఆ యువకులు తమను తాము ఎలా చూసుకున్నారు? ఈ ప్రశ్న వేసింది బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయంలోని సమకాలీన సాంస్కృతిక అధ్యయన కేంద్రం. రిచర్డ్ హోగార్ట్ 1964లో దానిని స్థాపించాడు. తరువాత జమైకాలో పుట్టిన స్టువార్ట్ హాల్ నాయకత్వం వహించాడు. గొప్ప కావ్యాలకే కాదు, సామాన్యుల పాటలకూ, దుస్తులకూ, వినోదాలకూ కూడా అర్థం ఉంటుందన్నది ఆ కేంద్రం నమ్మకం.

అక్కడి విద్యార్థి పాల్ విల్లిస్ 1960ల చివరలో మోటారు సైకిలు కుర్రాళ్లు కలుసుకునే ఒక క్లబ్బుకు వెళ్లడం మొదలుపెట్టాడు. వారంతా కార్మిక కుటుంబాల పిల్లలు. ఆయన ప్రశ్నపత్రాలు పంచలేదు. వారితో కూర్చున్నాడు, పాటల రికార్డులు వేయించి విన్నాడు, వారి మాటలను టేపు మీద రికార్డు చేశాడు. ఆ పరిశోధన 1978లో 'ప్రొఫేన్ కల్చర్' అనే పుస్తకంగా వచ్చింది.

విల్లిస్ గమనించినవి చాలా చిన్న విషయాలు. ఈ కుర్రాళ్లకు 1950ల నాటి రాక్ అండ్ రోల్ పాటలంటే ప్రాణం. ఎల్విస్ ప్రెస్లీ, బడ్డీ హాలీ వారి దేవుళ్లు. పెద్ద ఎల్పీ రికార్డుల కన్నా ఒక్క పాట ఉన్న చిన్న రికార్డులనే వారు ఇష్టపడేవారు. ఎందుకు? ఎల్పీ వేస్తే అరగంట కూర్చుని వినాలి. చిన్న రికార్డు అయితే నచ్చిన పాటను తక్షణం వేసుకోవచ్చు, లేచి చిందేయవచ్చు. వారికి కదలిక కావాలి, తాళం గట్టిగా పడాలి. మోటారు సైకిలు కూడా అంతే. దాని హోరు, దాని బరువు, చేయి తిప్పగానే ముందుకు దూకడం - పాటలో వెతికినదే వారు బండిలోనూ వెతికారు. ఒక గుంపు వాడే వస్తువులకూ, దాని మనస్తత్వానికీ మధ్య ఉండే ఇటువంటి పొందికను విల్లిస్ 'అనురూపత' అనే అర్థమిచ్చే మాటతో వివరించాడు.

ఇప్పుడు హెల్మెట్ ప్రశ్నకు రండి. ఈ కుర్రాళ్లు హెల్మెట్‌కు, కళ్లద్దాలకు దూరంగా ఉండేవారు. కోటు గుండీలు పెట్టకుండా గాలికి వదిలేవారు. వారికి ప్రమాదం సంగతి తెలియదా? బాగా తెలుసు. వారి స్నేహితులు ప్రమాదాలలో చనిపోయారు కూడా. కాని ముఖానికి గాలి కొట్టడమే వారికి వేగం. తలను మూసేస్తే ఆ వేగం వారి నుంచి తెగిపోతుంది. యంత్రాన్ని అదుపు చేయగల నేర్పు తమకుందన్న గర్వం వారి జీవితంలో చాలా విలువైనది. హెల్మెట్ పెట్టుకోవడమంటే ఆ నేర్పు మీద నమ్మకం లేదని ఒప్పుకోవడమే. పగలంతా ఇతరులు చెప్పిన పని చేసే కుర్రాడికి, సాయంత్రం తన చేతి కింద తన మాట వినే ఒకే ఒక వస్తువు ఆ బండి.

దీని అర్థం వారు చేసినది సరైనదని కాదు. పుర్రెకు సమాజ శాస్త్రం తెలియదు, రోడ్డుకు తగిలితే పగులుతుంది. కాని "వాళ్లకు బుద్ధి లేదు" అనే జవాబు తప్పని విల్లిస్ చూపించాడు. వారికి ఒక కారణం ఉంది. ఆ కారణం తెలియకుండా ఎన్ని గోడపత్రికలు అంటించినా వారు చదవరు.

వెనక సీటులో ఎవరు?

ఈ పరిశోధనలలో ఒక పెద్ద లోపం ఉంది. దానిని అదే బర్మింగ్‌హాం కేంద్రంలో చదువుతున్న యాంజెలా మెక్‌రోబీ, జెన్నీ గార్బర్ 1976లో ఎత్తి చూపారు. యువత మీద ఇంత రాశారు కదా, అందులో అమ్మాయిలు ఎక్కడ? కనిపించినా వెనక సీటులోనే కనిపిస్తున్నారు. అమ్మాయిలు నిజంగానే లేరా, లేక పరిశోధకుడు అబ్బాయిల వైపే చూశాడా? ఈ ప్రశ్న తరువాత ఈ రంగం మారక తప్పలేదు. అమెరికా మానవశాస్త్రజ్ఞురాలు బార్బరా జోన్స్ తానే బండి నడుపుతూ, హార్లీ డేవిడ్‌సన్ నడిపే స్త్రీల జీవితాల మీద 2001లో పుస్తకం రాశారు.

ఒకే స్కూటరు, మూడు దేశాలు

బర్మింగ్‌హాంలోనే చదివిన డిక్ హెబ్డిజ్ 1981లో మరో దారి తొక్కాడు. మనుషులను కాక ఒక యంత్రాన్నే కథానాయకుడిని చేశాడు. అది ఇటలీ స్కూటరు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత విమానాలు తయారుచేసే పియాజియో సంస్థకు పని లేకుండా పోయింది. హెలికాప్టర్ల మీద పనిచేసిన కొరాడినో దస్కానియో అనే ఇంజనీరును చవకైన వాహనం రూపొందించమన్నారు. ఆయనకు మోటారు సైకిలంటే గిట్టదు. చమురు మరకలు, బయటకు కనిపించే గొలుసు, కాలు ఎత్తి ఎక్కవలసిన అవస్థ ఆయనకు నచ్చలేదు. అందుకే ఇంజనును రేకు కింద దాచి, గొలుసు తీసేసి, కాళ్లు పెట్టుకోవడానికి ముందు ఖాళీ వదిలాడు. 1946లో వచ్చిన ఆ బండి పేరు వెస్పా. ఇటలీ భాషలో కందిరీగ అని అర్థం.

ఇటలీలో అది ఆధునిక యువతికి గుర్తుగా ప్రచారమయింది. స్కర్టు వేసుకుని కూడా నడపవచ్చు కదా! ఇంగ్లాండుకు వచ్చేసరికి మాడ్ కుర్రాళ్లు దానికి అద్దాలు, దీపాలు బిగించి తమ జెండాగా మార్చుకున్నారు. తయారుచేసినవాడు ఒక అర్థం ఇస్తాడు, ప్రకటన ఇంకొక అర్థం చెబుతుంది, కొన్నవాడు మూడవ అర్థం సృష్టిస్తాడని హెబ్డిజ్ చూపించాడు.

ఆయన సూత్రాన్ని మన దేశానికి వర్తింపజేస్తే మరో అధ్యాయం దొరుకుతుంది. 1960లలో బజాజ్ సంస్థ వెస్పా లైసెన్సుతో ఇక్కడ స్కూటర్లు తయారుచేసింది. లైసెన్సు గడువు 1971లో ముగిశాక 1972లో 'చేతక్' వచ్చింది. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడవలసిన రోజులవి. ఇటలీ యువతి, ఇంగ్లాండు మాడ్ ఎక్కిన ఆ బండి మన దగ్గర గుమాస్తా గారి సంసార వాహనమయింది. ముందు నిలబడిన పెద్దవాడు, వెనక పక్కకు కూర్చున్న తల్లి, ఆమె ఒడిలో చంటిపిల్ల, ముందు పెట్టెలో కూరగాయల సంచి. హైదరాబాదు ఆల్విన్ సంస్థ స్కూటరుకు 'పుష్పక్' అని పేరు పెట్టింది. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుండే రామాయణ విమానం పేరు అది. అంతకన్న తగిన పేరు మన కుటుంబాలకు మరొకటి ఉందా? అలకపాన్పు మీద అల్లుడు అడిగే కోరికల జాబితాలోకి కూడా స్కూటరు చేరింది. కందిరీగ కట్నంగా మారడం దస్కానియో ఊహించని అర్థం!

మోటారు సైకిలుదీ ఇటువంటి ప్రయాణమే. ఇంగ్లాండు కంపెనీ రాయల్ ఎన్‌ఫీల్డ్ 1955లో మద్రాసులో భాగస్వామ్యం కుదుర్చుకుని బుల్లెట్ తయారీ మొదలుపెట్టింది. మన దగ్గర అది సైనికుడి బండి, పోలీసు బండి అయింది. దాని చప్పుడు వింటేనే అధికారం వస్తున్నట్టు. ఇంగ్లాండులో ఆ కంపెనీ 1970 ప్రాంతంలో మూతపడినా మద్రాసులో తయారీ ఆగలేదు. 1977 నుంచి ఇక్కడి బుల్లెట్లు తిరిగి ఇంగ్లాండుకే ఎగుమతి అయ్యాయి. 1980లో వచ్చిన టీవీఎస్ 50 మోపెడ్ మీద పాల క్యాన్లు, గడ్డి మోపులు పల్లె దారులెక్కాయి. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాక పెట్రోలు ఆదా చేసే తేలికపాటి బండి మధ్యతరగతి ఇంటికి చేరింది.

మన దక్షిణాదిలో దీనిని గమనించినవారు ఉన్నారు. మానవశాస్త్రజ్ఞురాలు రిట్టీ లూకోస్ కేరళ కాలేజీ యువత మీద చేసిన పరిశోధన 2009లో పుస్తకంగా వచ్చింది. అక్కడి కుర్రాళ్లు దర్జాను 'చెత్తు' అంటారు. మన 'చెత్త'తో దానికి సంబంధం లేదు, మలయాళంలో కోయడం, చెక్కడం అనే అర్థం నుంచి వచ్చిన మాట. జీన్స్, మోటారు సైకిలు, రోడ్డు మీద తిరిగే స్వేచ్ఛ ఆ దర్జాలో భాగాలు. అదే రోడ్డు మీద అమ్మాయి నడవాలంటే ఎన్ని చూపులు దాటాలో కూడా ఆమె రాశారు. మెక్‌రోబీ, గార్బర్ 1976లో వేసిన ప్రశ్న ఇక్కడ మన ఊరి వేషంలో మళ్లీ కనిపిస్తుంది.

అంగడికెక్కిన తోలు కోటు

1990ల నుంచి ఈ అధ్యయనం విస్తరించింది. కెనడా మానవశాస్త్రజ్ఞుడు డేనియల్ వుల్ఫ్ ఎడ్మంటన్ నగరంలోని 'రెబెల్స్' అనే క్లబ్బుతో కలిసి బండి నడిపి, 1991లో పుస్తకం రాశాడు. 1995లో జాన్ షౌటన్, జేమ్స్ మెకలెగ్జాండర్ అనే మార్కెటింగ్ పరిశోధకులు హార్లీ డేవిడ్‌సన్ యజమానులతో మూడేళ్లు తిరిగి వ్యాసం ప్రకటించారు. ఒకప్పుడు జనం భయపడిన తోలు కోటు ఇప్పుడు అంగడిలో సరుకయింది, మంచి ఉద్యోగాలు చేసుకునేవారు ఆదివారం దానిని తొడుక్కుని తిరుగుతున్నారు. 1998లో న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్ కళాప్రదర్శనశాల వందకు పైగా మోటారు సైకిళ్లను కళాఖండాలుగా ప్రదర్శించింది. 2005లో మోటారు సైకిలు అధ్యయనాలకే ప్రత్యేకించిన ఒక అంతర్జాతీయ పరిశోధన పత్రిక మొదలయింది.

1964లో భూతం, 1995లో సరుకు, 1998లో కళాఖండం. బండి అదే, దానిని చూసే కళ్లు మారాయి.

మళ్లీ హెల్మెట్ దగ్గరకు

ఇదంతా మీకెందుకు అని అడగవచ్చు. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. హెల్మెట్ లేక మరణించినవారు 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవారు. కెయిర్న్స్ 1941లో చెప్పిన విషయం మనకూ తెలుసు. మన మోటారు వాహనాల చట్టం 1988లోనే హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. తలపాగా ధరించే సిక్కులకు మినహాయింపు ఇచ్చింది. బ్రిటన్ కూడా సిక్కుల కోసం 1976లో ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది. తల మీద ఏమి పెట్టుకోవాలన్నది కేవలం భౌతికశాస్త్రపు విషయం కాదని ఈ చట్టాలే ఒప్పుకున్నాయి.

చట్టం ఉంది, శాస్త్రం ఉంది, హెల్మెట్ కూడా ఉంది, చాలాసార్లు అద్దానికి వేలాడుతూ. మరి ఎందుకు ధరించరు? "ఈ కాలపు కుర్రాళ్లు ఇంతే" అనడం కోహెన్ హెచ్చరించిన తప్పు. "వాళ్లకు తెలియదు" అనడం విల్లిస్ సరిదిద్దిన తప్పు. "కుర్రాళ్లు" అని మాత్రమే అనుకుని వెనక సీటును మరచిపోవడం మెక్‌రోబీ, గార్బర్ ఎత్తి చూపిన తప్పు. మీ ఊరిలో జవాబు బర్మింగ్‌హాంలో దొరికినదే కానక్కరలేదు. ఉక్కపోత కావచ్చు, జుట్టు చెదురుతుందని కావచ్చు, "పక్క వీధికే కదా" అనే ధీమా కావచ్చు, స్నేహితులు నవ్వుతారన్న బెరుకు కావచ్చు, వెనక కూర్చున్న అమ్మకు రెండో హెల్మెట్ కొనాలని ఎవరికీ తోచకపోవడం కావచ్చు. ఇవన్నీ ఒకటే జబ్బు కావు కనుక వీటికి ఒకే మందు పనిచేయదు.

ఈ పని మీరే మొదలుపెట్టవచ్చు. ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఒక నోటుబుక్కు చాలు. మీ కాలేజీ గేటు దగ్గర వారం రోజులు, రోజూ ఒకే గంటలో, ఎన్ని బండ్లు వచ్చాయో, ఎందరి తల మీద హెల్మెట్ ఉందో, ఎందరి చేతికి ఉందో రాసుకోండి. ముందు కూర్చున్నవారిని, వెనక కూర్చున్నవారిని విడివిడిగా లెక్కించండి. తరువాత ఒక పదిమందితో తీరిగ్గా మాట్లాడండి. మొదట ఎందుకు అడుగుతున్నారో చెప్పి అనుమతి తీసుకోండి. వారి పేర్లు రాయకండి. ఉపన్యాసం ఇవ్వకండి, వినండి. వీధి చివరి మెకానిక్కు షెడ్డులో ఒక సాయంత్రం కూర్చున్నా చాలా తెలుస్తుంది. బండికి ఏ మార్పులు ఎవరు చేయించుకుంటారో, ఎందుకు చేయించుకుంటారో అతడికి తెలిసినంత మరెవరికీ తెలియదు. చివరగా మీరు విన్నదానిని, పత్రికలో చదివినదానితో పోల్చి చూడండి.

కెయిర్న్స్ దగ్గరకు వచ్చినవారు అప్పటికే పడిపోయినవారు. విల్లిస్ మాట్లాడినది ఇంకా పడనివారితో. మీ గేటు దగ్గర రేపు ఉదయం ఆగే బండి మీద ఉండేదీ అటువంటివారే. వారిని అడగడానికి ఇంకా వ్యవధి ఉంది.